తల్లి సాక్ష్యం

"దించకున్రి! పీనుగను బండి మీదనే ఉండనియ్యిన్రి!"

గుడి ఉపదేశి ఇన్నయ్య సమాధుల తోట తడకకు అడ్డంగా నిలబడి అరిచాడు.

సిద్దిపేట ఊరవతల ఆ తోట ఒక్కటే చుట్టుపక్కల కథోలికులకు దిక్కు. బిషపు వచ్చి మంత్రించిన నేల అది. మద్దూరు నుంచి రాత్రంతా నడిచి వచ్చిన ఎడ్లబండి మీద ఎల్లన్న శవం ఉంది. దాని తల ఒక ముసలవ్వ ఒడిలో ఉంది. ఆమె కొంగుతో ఈగలు తోలుతోంది.

పందొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం ఎండకాలం. ఎల్లన్న ఎవరని ఎవరూ అడగలేదు. వెట్టికి ఎదురు తిరిగి గుట్టల్లో దాక్కున్న పర్శరాములును దొర మనుషులకు పట్టిచ్చింది అతనే. ఆ ఇద్దరినీ, వాళ్ల ఇంటివాళ్లనూ చూసినవాళ్లు సిద్దిపేటలో లేరు గాని, ఆ కథ తెలియనివాళ్లు గుడిలో లేరు.

"ఎండ ముదురుతున్నదయ్యా," అన్నది ముసలవ్వ. "జర తొవ్వ ఇడువు."

"ఎట్ల ఇడువాలె అవ్వా? ఫాదరు మెదక్ పోయిండు. ఆయన వచ్చేదాక జవాబుదారి నాది. నీ కొడుకు చేసిన పని లోకమంత ఎరుకే."

గుంతలు తవ్వే రాజమల్లయ్య గడ్డపార మీద చేతులు ఆనించి నిలబడ్డాడు.

"నేనైతె తవ్వ. పర్శరాములు పీనుగ సుత దొరకలె. వాని అవ్వకు పిడికెడు మన్నేసే నసీబు లేకపాయె. గీనికి మాత్రం మంత్రించిన మన్ను గావాల్నా? ఏం కొడుకును కన్నవే తల్లీ! కడుపు మండలేదా నీకు?"

"మండింది బిడ్డా," అన్నది ముసలవ్వ. "ఇంకా మండుతనే ఉన్నది."

బండి తోలుకొచ్చిన భిక్షపతి చివ్వున లేచాడు. "ఓ పెద్దమనిషీ, నువ్వు ఎవలతోని మాట్లాడుతున్నవో..."

ముసలవ్వ చెయ్యి ఎత్తి ఆపింది. "ఊకో భిక్షపతీ. లొల్లి మనకొద్దు. అడుక్కునేటందుకు వచ్చినం."

ఇన్నయ్య రాతిగుండె మనిషి కాడు. కాని నియమం ఉంది. నలుగురూ ఎరిగిన పాపం చేసినవాడు పశ్చాత్తాపపడకుండా పోతే ఆ తోటలో చోటు లేదు. పశ్చాత్తాపపడ్డాడనేందుకు ఒక్క గుర్తు ఉన్నా చాలు, చోటు ఉంది.

"ఫాదరు ముంగట తప్పు ఒప్పుకొని పాపసంకీర్తనం చేసిండా?"

"మా ఊర్లె ఫాదరు ఏడ దొరుకుతడయ్యా?"

"పోనీ, దేవా క్షమించుమని నోటితోనన్న అన్నడా?"

"నోరు పడిపోయింది. జరం. ఎవ్వలు ఇంట్లకు రానియ్యలె. పడావు పడ్డ కొట్టంల ఒక్కడే ఉండె. నేను పోయి గంజి తాపిన."

"ఏదన్న గుర్తు ఉండాలె గదా అవ్వా."

ముసలవ్వ శవం నొసటి మీది వెంట్రుకలు పక్కకు జరిపింది.

"నా మొఖం చూసి ఏడ్చిండు. గోడ దిక్కు తిరిగిండు. మల్ల నా దిక్కు తిరిగి, ఏడ్చుకుంటనే నా చెయ్యి పట్టుకున్నడు. పానం పోయేదాక ఇడువలె."

రాజమల్లయ్య నవ్వాడు. "సచ్చేటోడు అవ్వను చూసి ఏడువకుంటె ఎవల్ని చూసి ఏడుస్తడు? దొంగైనా ఏడుస్తడు, దొరైనా ఏడుస్తడు."

"ప్రభువు మంచోళ్లను చూసి చేతులు చాపిండా బిడ్డా, సిలువ మీద?" అన్నది ముసలవ్వ. "చాపినంక ఎవలొస్తె వాళ్లే గదా."

"గుళ్లె చెప్పే మాట వేరు, తోట కాయిదా వేరు," అన్నాడు ఇన్నయ్య. అన్నాక తనకే ఆ మాట బాగనిపించలేదు. గొంతు తగ్గించాడు. "బాధ పెట్టుకోకు అవ్వా. కడుపుతీపి ఏదైనా చెప్పిస్తది. కన్నతల్లి సాక్ష్యం చెల్లది. పరాయోళ్లు ఎవలన్న దగ్గరుండి చూసిన్రా? ఒక్కరు చెప్పినా తడక నేనే తీస్త."

ముసలవ్వ శవం తలను మెల్లగా గడ్డి మీద ఆనించింది. బండి దిగింది. వచ్చి తడక పట్టుకుంది.

"తియ్యి అయ్యా," అన్నది. "నేను వీన్ని కనలె. పర్శరాములును కన్న."