దిగుతున్న అంకె

“సార్, దండం పెడతాను, బండ్లు వదలండి! నా కొలత మొత్తం పాడైపోతోంది!” అంటూ భవ్య ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదకే వచ్చేసింది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ విజయేందర్ ఆమె వైపు చూడను కూడా లేదు. రెండు చేతులూ బార్లా చాచి, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర అన్ని వైపులా బండ్లను నిలిపేశాడు.

“జర పక్కకు జరుగు బిడ్డా. అంబులెన్స్ వస్తున్నది. లక్డీకాపూల్ దవాఖాన దాక యాడా ఆగొద్దు.”

“గుండె మార్పిడా సార్?”

ఆయన అప్పటికే ఒక ఆటో వైపు తిరిగాడు. “ఓ భాయ్, ఇంజన్ బంద్ జెయ్! నువ్వు గూడ! సైరన్ ఇనబడాలె నాకు.”

భవ్యకు ఏడుపొక్కటే తక్కువ. ఫుట్‌పాత్ మీద ఆమె స్టాండుకు బిగించిన డబ్బా, బండ్ల పొగలోని నుసిని కొలిచే యంత్రం. కాలేజీ వాళ్లది. రేపు పొద్దున్నే తిరిగి అప్పగించాలి. ఇవాళ సాయంత్రం రద్దీ లెక్క తీయకపోతే ఆమె ఎమ్మెస్సీ ప్రాజెక్టు గంగలో కలిసినట్టే. ఆ రద్దీయేమో కళ్లముందే చేతులు కట్టుకుని నిలబడింది.

ఆటోలు, బస్సులు, బైకులు ఒక్కొక్కటే గురక మానేశాయి. ఉసూరుమంటూ యంత్రం వైపు తిరిగిన భవ్య అలాగే నిలబడిపోయింది.

మూడు వందల పైన ఎగిరెగిరి పడే అంకె దిగుతోంది. డబ్బాను తట్టి చూసింది. బాగానే పనిచేస్తోంది. అంకె రెండు వందలకు వచ్చింది, నూరుకు వచ్చింది, ఇంకా దిగుతూనే ఉంది. గన్‌ఫౌండ్రీ వైపు నుంచి చిన్న గాలి వీచింది. అందులో ఇరానీ చాయ్ వాసన, దాని వెనకే మల్లెల వాసన! పూల గంప పెట్టుకునే పూలమ్మ పక్కనే ఇన్నాళ్లూ నిలబడింది గానీ, ఆ మల్లెలకు వాసనుందని భవ్యకు ఇప్పటిదాకా తెలియదు.

“ఏందమ్మా, గాలి గింత మంచిగున్నది!” అంది పూలమ్మ, ముక్కుకు కట్టుకున్న కొంగు విప్పుతూ.

భవ్యకు ఒళ్లు ఝల్లుమంది. ఇంత పెద్ద నగరం ఒక్కసారి గమ్మునుంటే చాలు, గాలి ఇంతగా తేటపడిపోతుందా! పుస్తకాల్లో చదవడం వేరు, ముక్కుతో పీల్చడం వేరు. ప్రాజెక్టు పోతే పోయిందిలే అనిపించింది.

సైరన్ వినిపించింది. తెల్లబండి రివ్వున వచ్చి నాంపల్లి వైపు దూసుకుపోయింది. ఒక్క హారన్ మోగలేదు. ఆటోలోంచి ఎవరో చేతులు జోడించారు. విజయేందర్ అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు.

“ఒక్క గుండె కోసం ఊరంతా ఆగింది సార్! ఇంత గొప్ప సంగతి నేనెప్పుడూ చూడలేదు,” అంది భవ్య.

“గుండె గాదు బిడ్డా. ఊపిరితిత్తులు.”

“ఎవరికి సార్?”

విజయేందర్ కళ్లు తుడుచుకున్నాడు. బండ్లు వదలడానికి చెయ్యెత్తుతూ అన్నాడు.

“మా శ్యామ్‌సుందర్ సార్‌కు. నాకంటె ముందు గీ చౌరస్తాల డ్యూటీ ఆయనదే.”