గాజు పట్టీ

"రెండు నెలలైనా గాజు పట్టీ పగల్లేదంటే, బండ కదలనట్టే!" అంటూ సాయిలత సంబరంగా నోట్‌బుక్కులో రాసుకుంది.

ఎల్లారెడ్డి ఊరి దగ్గరి రాతి క్వారీలో బండల కదలిక మీద ఆమె పరిశోధన చేస్తోంది. బండ నెర్రెకు అడ్డంగా అతికించిన గాజు పట్టీ తళతళలాడుతోంది. భయం లేదని ఆమె రాసిస్తే, రేపటి నుంచి పన్నెండు మంది ఈ బండ కిందే రాయి కొడతారు.

"ఎట్ల పగుల్తది బిడ్డా? నేను కావలున్న గద!" అన్నాడు క్వారీ వాచ్‌మన్ సిద్దిరాములు, మీసం దువ్వుకుంటూ.

"నువ్వేం చేసినవ్ బాపూ?"

"మొదటిది వారానికే పగిలింది. సదువుకునే పిల్ల, సార్లు తిడ్తరేమోనని కామారెడ్డి దాంక పోయి గసొంటిదే కోయించుకొచ్చి అతికించిన. గిది నాలుగోది. జర్రంతన్న ఎరుకైందా నీకు?"

సాయిలత చేతిలోంచి పెన్ను జారింది. "బాపూ, అది పగలాల్ననే పెట్టిన."

"పగలాల్నని గాజు పెడ్తరా ఎవలన్న?"

"బండ కదిల్తేనే అది పగుల్తది. మూడుసార్లు పగిలిందంటే, మూడుసార్లు కదిలినట్టే."

పెన్ను తీసుకుని, రాసిందంతా అడ్డంగా కొట్టేసింది. రేపు ఇక్కడ పని లేదని పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.

సిద్దిరాములు తలెత్తి బండను చూశాడు. మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మరి దాని కిందనే నిలబడి రాస్తవేంది? ఉరుకు బిడ్డా!"