ఎనభై రెండేళ్ళ తాత

"మీ తాతగారు ఎన్నో ఏట పోయారండీ?" అని అడిగాడు వచ్చినాయన, నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని.

లేత్ మేస్త్రీకి ఒళ్ళు మండింది. షెడ్డు షట్టరు ఎత్తీ ఎత్తకముందే ఊడిపడ్డ ఈ మనిషి వంశ పరిశోధకుడట. పాత రిజిస్టర్లు తిరగేసి, ఎవరికి ఎవరు ముత్తాతో తేల్చి, కాగితం మీద చెట్టు గీసి ఇస్తాడట. పనీపాటా లేనివాళ్ళ సరదా అనుకుని ఊరుకునేవాడే మేస్త్రీ, ఇతన్ని కుదుర్చుకున్నది ఎవరో తెలియకపోతే.

కుదుర్చుకున్నది పెద్దతాత మనవరాలు. వరసకి అక్క. మేస్త్రీ పుట్టి ముప్పై ఏడేళ్ళయింది. ఏనాడూ ఆ అక్క ముఖం చూసి ఎరగడు.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా ఆవిడకి?" అన్నాడు, చేతులు నూనెగుడ్డకు తుడుచుకుంటూ.

పరిశోధకుడు నొచ్చుకోలేదు. ఈ ఊరి పాత రిజిస్టర్లు వానకు తడిసి ముద్దయ్యాయనీ, అందుకే మనుషుల్నే అడగాల్సి వస్తోందనీ అన్నాడు. ముందు నాలుగు ప్రశ్నలకు జవాబులు చెబితే, వాటిని బట్టి అసలు విషయం మాట్లాడతానన్నాడు.

అసలు విషయమేమిటో మేస్త్రీకి ఒకరు చెప్పాలా? ఈ షెడ్డే అసలు విషయం. తాతా పెద్దతాతా విడిపోయినప్పుడు రాసుకున్న కాగితం ఇంకా ఇనప్పెట్టెలో ఉంది. తమ్ముడు నలభై ఏళ్ళు నడిపితే షెడ్డు తమ్ముడిది. ఈలోగా అతనికేమైనా అయితే అన్న పిల్లలది. తాత నడిపింది పదకొండేళ్ళు. ముప్పై ఆరో ఏట, మిషన్ ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుని, పెద్దింటికి కబురు పంపకుండా, మర్నాడే షట్టరు ఎత్తించింది.

ఆ కూపీ లాగడానికే వచ్చాడన్నమాట వీడు.

"ఎనభై రెండు," అన్నాడు మేస్త్రీ.

లోపలి గుమ్మంలోంచి మంచినీళ్ళ గ్లాసుతో వస్తున్న భార్య, "అదేంటండీ, నాయనమ్మగారు చెప్పింది..." అనబోయింది. మేస్త్రీ కళ్ళెర్రజేశాడు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంది.

"హఠాత్తుగా పోయారా, కొన్నాళ్ళు మంచాన పడ్డారా?"

వీలునామా రాసే వ్యవధి ఉందో లేదో తెలుసుకోవాలని ఆరాటం. మెత్తగా అడుగుతున్నాడు గానీ ఘటికుడే.

"తాపీగా పోయాడు. ఏడాది మంచంలో ఉండి, అందరికీ చెప్పాల్సినవన్నీ చెప్పి మరీ పోయాడు."

"మరి మీ నాన్నగారు?"

ఇక్కడ మేస్త్రీ కాస్త తడబడ్డాడు. తాతను ఎనభై రెండేళ్ళు బతికించాక తండ్రిని ముప్పై ఎనిమిదికే చంపితే కుదరదు. చేతికందిన కొడుకు పోతే ఆ ముసలాయన షెడ్డు ఎలా నడిపాడని అడుగుతాడు.

"డెబ్బై ఆరు. పోయినేడాదే."

నిజానికి తండ్రి పోయేనాటికి అతనికి పన్నెండేళ్ళు. బడి మానేసి, పీట వేసుకుని ఎక్కి మిషన్ పట్టుకున్నాడు. వేళ్ళు తెగాయి. ఇనప రజను కళ్ళల్లో పడింది. అప్పుడు ఏ అక్కా రాలేదు. పెద్దింటివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు గడప తొక్కలేదు. వాళ్ళకసలు ఎవరూ కబురే చెయ్యలేదన్న సంగతి మాత్రం అతని కోపానికి అడ్డం రాలేదు. పాతికేళ్ళుగా పెంచుకున్న కోపం మరి.

"అయితే మీ వైపు అందరూ దీర్ఘాయుష్మంతులే," అన్నాడు పరిశోధకుడు. అతని ముఖం విప్పారింది. నిజంగానే సంతోషించినట్టు కనిపించాడు. ఆ నవ్వు చూసి మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"రాసుకోండి. మా వైపు ఎనభైకి ముందు ఎవడూ పోడు. ఇంకో నలభై ఏళ్ళు నేనూ ఇక్కడే ఉంటానని ఆవిడగారికి చెప్పండి."

"తప్పకుండా చెబుతానండీ."

పరిశోధకుడు సంచిలోంచి పెద్ద కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఎడమవైపు కొమ్మ నిండా పేర్లు, పేర్ల కింద ఎర్ర సిరాతో అంకెలు. కుడివైపు కొమ్మకి పెన్సిలుతో ప్రశ్నార్థకాలు. వాటిని రబ్బరుతో చెరిపేసి, 82 అనీ 76 అనీ శుభ్రంగా వేసుకున్నాడు. మేస్త్రీ ఆ కుడివైపు అంకెలు సరిగ్గా పడ్డాయా లేదా అని మాత్రం చూసుకున్నాడు.

"ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టాల్సిన పని లేదండీ. కానీ ఆవిడ ఇవన్నీ ఎందుకు కనుక్కోమన్నారంటే..."

"ఎందుకో మాకు తెలుసు. దయచెయ్యండి."

మేస్త్రీ లేత్ స్విచ్ నొక్కాడు. షెడ్డంతా హోరెత్తిపోయింది. ఆ హోరులో పరిశోధకుడు పెదవులు కదిపాడు, ఫలితం లేదని గ్రహించాడు, నమస్కారం పెట్టి కాగితం చుట్టుకుని వెళ్ళిపోయాడు.

భార్య దగ్గరకు వచ్చి, పాపం ఆయన ఏం చెప్పడానికి వచ్చాడో విననైనా వినలేదేమని గొణిగింది.

"వింటే షెడ్డు ఉండేది కాదే," అన్నాడు మేస్త్రీ. షాఫ్ట్ బిగించి, చెయ్యెత్తి నుదుటి చెమట తుడుచుకున్నాడు. కోపం ఇంకా దిగలేదు గానీ, మొదటిసారి పెద్దింటి మీద గెలిచినట్టు అనిపించింది.

బయట రోడ్డు దాటుతూ పరిశోధకుడు ఫోనులో, "మీ ఇద్దరు తమ్ముళ్ళనీ నలభై లోపే తీసుకుపోయిన గుండెజబ్బు ఈ కొమ్మకి పాకలేదమ్మా, పరీక్ష చేయించుకోమని ఇక్కడెవరినీ హెచ్చరించక్కర్లేదు," అన్నాడు.