తవుడిచ్చి కొన్న కొడుకు

“మా మావగోరు, నా పెనిమిటి, ఆయన తమ్ముడు. ముగ్గురూ కిడ్నీలు పాడయ్యే పోయినారు,” అంది ముసలమ్మ. “ముందు పాదాలు పొంగి సెప్పులు పట్టవు. ఆ తర్వాత ఇంకేటీ ఆగదు.”

ట్యాబ్‌లో ఆ ముగ్గురి గళ్లూ నల్లబడ్డాయి. నౌపడ చుట్టుపక్కల ఒక్కో ఇంటి వంశవృక్షాన్నీ ఆ ఇంటివాళ్ల రక్తపరీక్షలతో జతచేసి, ఈ జబ్బు తరాల వెంట వస్తోందేమో కనిపెట్టడం స్వర్ణ పని.

“పిల్లలు?”

“లేరమ్మా.”

“ఇందాక ఫోన్లో తవిటయ్య మీ కొడుకునన్నాడే, మామ్మా?”

“ఆడిని కొన్నాను. పుట్టగానే పెంటకుప్ప మీద పెడితే పక్కింటామె తీసుకున్నాది. ఆమెకి సేటెడు తవుడిచ్చి కొనుక్కున్నాను. ఆడు ఈ ఇంటి రగతం కాదు.”

ఆ ఆచారం స్వర్ణకి తెలుసు. మగపిల్లలు దక్కని ఇంట్లో చావుని ఏమార్చడానికి బిడ్డను పెంట మీద పెట్టేదీ, తిరిగి కొనుక్కునేదీ కన్నతల్లే.

“పేరు ఎక్కిస్తేనే పరీక్ష చేస్తారు మామ్మా. ముందే తెలిస్తే మందులున్నాయి.”

ముసలమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని గొంతు తగ్గించింది. “ఎక్కించకమ్మా. ముప్పయ్యేళ్ల బట్టీ సావుకి తెలీకుండా దాసినాను. ఈ ఇంటోడని దాని సెవిన పడితే ఒచ్చేస్తాది.”

పొలం నుంచి వచ్చిన తవిటయ్య గడప దాటాడు. వట్టి కాళ్లతో ఉన్నాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి.

“ఈ సెప్పులేటో, నిన్నటి నుంచీ పట్టడం నేదే అమ్మా.”

ముసలమ్మ అతని కాళ్లవైపు చూడలేదు.

“రాయకు తల్లీ,” అంది. “ఆడు నా కొడుకు కాదు.”