ఎర్ర గీత లేని కాగితం

"యంత్రం చేసిన పనికి నువ్వెళ్లి క్షమాపణ చెప్పడమేంటయ్యా?" అంది డైరెక్టర్ జుమగుల్. "ఫోన్ చేసి చెప్తే సరిపోదూ?"

ఎర్మెక్ ఎనిమిది కాగితాలు సంచిలో పెట్టుకుని కిర్గిజ్ రాజధాని బిష్కెక్ నుంచి కొండల్లోని అట్‌బాషికి బయల్దేరాడు.

వాళ్లది నీటి పంపులు చేసే కంపెనీ. పంపు వాడకం పుస్తకానికి ఏ ఊరివాళ్లయినా తమకు తెలిసింది ఫోన్‌లో రాసి పంపవచ్చు. ముందు యంత్రం అక్షరదోషాలు చూస్తుంది. పదికి మించితే ఎర్ర గీతలు పెట్టి, పక్కన సరైన మాట చూపి, వెనక్కి పంపేస్తుంది. మించకపోతేనే అది, పుస్తకంలో వేసేవి ఎంచే ఎర్మెక్ బల్ల మీదికి వస్తుంది.

వెనక్కి పోయినవి ఎవరూ చదవరు. పేరు, తప్పుల లెక్క మాత్రం ఆఫీసులో తెర మీద కనిపిస్తాయి. షారకుల్, అరవై నాలుగు. నాలుగు రోజులకి మళ్లీ షారకుల్, యాభై ఎనిమిది. "ఈవిడ రాత చూసి చూసి యంత్రానికి కళ్లు పోతాయి" అన్నాడు ఎర్మెక్. టీ తాగేటప్పుడల్లా ఆ మాట తల్చుకుని నవ్వుకునేవాళ్లు.

మార్చిలో అట్‌బాషి పక్క ఊళ్లో ఊర్మత్ అనే రైతు పంపు వేశాడు. లోపల మంచు గడ్డకట్టి ఉంది. మూత పేలింది. కుడి కన్ను పోయింది.

అప్పుడు తీసి చదివారు షారకుల్ ఎనిమిదిసార్లు రాసింది. గడ్డకట్టిన పంపు వేసేముందు కింది బిరడా విప్పి వేడినీళ్లు పొయ్యండి, లేకపోతే మూత పేలుతుంది. అంతే ఉంది అందులో.

షారకుల్‌కి అరవై దాటాయి. భర్త పోయాక ఊరి పంపు ఆవిడే చూసుకుంటోంది. ఇంటికొచ్చిన ఎర్మెక్‌ని పొయ్యికి దూరంగా, గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట కూర్చోబెట్టింది. అతను క్షమాపణ మొదలుపెట్టేలోగా టీ పోసింది. గిన్నె అడుగున రెండు గుక్కలు.

"నిండా పొయ్యండి ఎజే. తొందరగా వెళ్లాలి" అన్నాడు, ఆవిణ్ణి వాళ్ల మాటలో అక్కా అని పిలుస్తూ.

"నిండా పోస్తే పొమ్మన్నట్టేగా! అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి తరిమేస్తానా? ముందు రొట్టె తుంచు."

తుంచాడు. నోట్లో పెట్టుకున్నాడు.

"ఎజే, మా యంత్రం మీ మాటని…"

"దాన్నేమీ అనకు. నా పంతులు అది." ఆవిడ భర్త పంపు లెక్కలు రాసుకున్న పుస్తకం తెచ్చింది. వెనక పేజీల నిండా పెద్ద పెద్ద అక్షరాలతో మాటలు. "నలభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగి అక్షరాలన్నీ కొండల్లో పారేసుకున్నా. అది ఎర్ర గీత పెట్టినప్పుడల్లా ఆ మాట ఇక్కడ పదిసార్లు రాశా. ఒక్కసారి కూడా విసుక్కోలేదు నా మీద. మా ఆయన అయితే చెప్పు విసిరేవాడు."

నవ్వింది.

"ఊర్మత్ ఇంటికెళ్లాను" అంది నవ్వు ఆపి. "ఒక గొర్రెని తోలుకెళ్లి ఇచ్చా. నాకు సరిగ్గా రాయడం వచ్చుంటే నీకు కన్ను ఉండేది తమ్ముడూ, నన్ను మన్నించు అన్నా. తల తిప్పుకున్నాడు. అతని భార్య గొర్రెని వెనక్కి తోలేసింది. ఇప్పుడు బజార్లో ఎదురైనా పలకదు."

"అందులో మీ తప్పేం లేదు ఎజే."

"లేకపోతే నేను రాసింది ఎందుకు తిరిగొస్తుంది?" దిండు కింద నుంచి కాగితాలు తీసింది. ఊరి గ్రంథాలయంలో అచ్చు తీయించినవి. ఒకదాని కంటే ఒకదాని మీద ఎరుపు తక్కువ. ఎర్మెక్ సంచిలో ఉన్నవే, వరసగా ఎనిమిది.

వాటి మీద ఇంకొకటి పెట్టింది.

"ఈ తొమ్మిదోది చూడు. అక్టోబర్లో పంపా. ఇదీ తిరిగొచ్చింది. ఒక్క ఎర్ర గీతా లేదు. గీత పెట్టడానికి కూడా పనికిరాని తప్పేదో చేశాననుకున్నా. చలికాలమంతా వెతికా నాయనా, దొరకలేదు. చదువుకున్నవాడివి, అది ఎక్కడుందో చూపించు. ఊర్మత్ భార్యకి చెప్పుకుంటా."

రెండు గుక్కల టీ మళ్లీ పోసి, కళ్లద్దాలు తుడుచుకుని, అతని వేలు ఏ మాట మీద ఆగుతుందోనని కాగితం మీదికి వంగింది.

ఆ తొమ్మిదో కాగితంలో యంత్రానికి ఒక్క తప్పు కూడా దొరకలేదు. పేరు చూసి, మళ్లీ ఈవిడేనా అనుకుని, చదవకుండా వెనక్కి పంపింది ఎర్మెక్.