దస్తూరి

“నువ్వే రాయాలక్కా, నా దస్తూరి నాకే అర్థం కాదు,” అంటూ తమ్ముడు అనంతకృష్ణ తెల్లకాగితం నా ముందు పెట్టాడు.

నాన్న పోయి పదహారు రోజులు. చల్లపల్లిలో ఆయన పొలం గురించి తహసీల్దారుగారికి అర్జీ. బడిలో నేను చెబుతుంటే పిల్లలు రాస్తారు. ఇప్పుడు వాడు చెబుతుంటే నేను రాశాను.

“‘ఆయనకు నేను ఏకైక వారసుణ్ణి.’ రాశావా?”

“రాశాను. మరి నేనెవర్నిరా?”

“నువ్వు సాక్షివి. కింద సంతకం పెట్టు. ఊరికే ఫార్మాలిటీ అక్కా!”

కాగితం అందుకుని మురిసిపోయాడు. “అబ్బ! అచ్చం నాన్న రాసినట్టే ఉంది.”

“మళ్లీ అను,” అన్నాను.

“అచ్చం నాన్న...” అంటూ వాడు కాగితం మీద ‘ఏకైక’ అన్న మాటను బొటనవేలితో కప్పాడు.

నేను సంతకం పెట్టకుండానే కలానికి మూత పెట్టాను.