పిలిచేదాకా

ఔట్‌పోస్టు బయట ఇనప బల్ల మీద కానిస్టేబులే కూర్చుని ఉండటం చూసి, మేక పోయిందని కాళ్లరిగేలా తిరుగుతున్న ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“ఇక్కడ కూర్చున్నారేం బాబూ?”

“నా సైకిలు ఎవడో ఎత్తుకుపోయాడు పెద్దమ్మా. ఫిర్యాదు ఇవ్వడానికొచ్చా.”

“లోపల ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. రాసుకోవాల్సింది నేనే.”

“మరి వెళ్లి రాసుకోండి.”

“ఫిర్యాదుకొచ్చినవాళ్లు పిలిచేదాకా బయటే ఉండాలి. ఆ రూలు పెట్టిందే నేను. నేనే తప్పితే ఎలా?”

అదీ నిజమేననిపించి, ముసలమ్మ ఆ బల్ల మీదే ఓ చివర సర్దుకుంది. లోపల ఖాళీ కుర్చీ మీద ఫ్యాను తిరుగుతోంది. పిలుపు కోసం ఇద్దరూ అటే చూస్తున్నారు.

కాసేపటికి కానిస్టేబులు అటూ ఇటూ కదిలాడు.

“ఈ బల్లేంటి పెద్దమ్మా, ఇంతలా కాలిపోతోంది?”

“ఇవాళ నయం బాబూ. కాస్త మబ్బు పట్టింది.”